ఈస్టర్ పాట కోసం శాక్రమెంటో రైలెక్కాం

శనివారం పొద్దున్న ఎనిమిదిన్నర ప్రాంతంలో శాంటా క్లారా స్టేషన్‌లో నేనూ రత్నకుమారి ఆంటీ శాక్రమెంటో రైలెక్కాం. రాజధాని నగరం చూడటానికి కాదు. మా చర్చి పాట ఒకటి ఎవరిదో తేల్చుకు రమ్మని కమిటీ పంపింది.

సన్నీవేల్‌లో మా తెలుగు చర్చికి ఒక ఈస్టర్ పాట ఉంది. మెల్లగా మొదలై, చరణం చరణానికీ వేగం పుంజుకుని, ఆఖరికి ఎవరూ కూర్చోలేని స్థితికి వస్తుంది. పాలకొల్లు దగ్గర బడిపంతులుగా పనిచేసిన ఆంటీ తండ్రిగారు రాసిన పాట అది. డెబ్బై దాటిన ఆంటీ ఇక్కడ కూతురి దగ్గర ఉంటూ మా కొయ్యర్‌ని నడిపిస్తున్నారు. ఇదంతా సవ్యంగా సాగుతుండగా, కొయ్యర్‌లో పాడే ఒక పిల్ల ఫోన్‌లో వీడియో చూపించింది. బొచ్చుటోపీలు పెట్టుకున్న మగవాళ్లు చేతుల్లో సీసాలతో గొంతుకూర్చుని గెంతుతున్నారు. మాటలు రష్యన్. ట్యూన్ మాత్రం మాదే.

మా కమిటీలో ముగ్గురూ సాఫ్ట్‌వేర్ మేనేజర్లు. పాపపుణ్యాల సంగతి ఎలా ఉన్నా ప్రొడక్షన్‌లో బగ్ వస్తే ఏం చేయాలో వాళ్లకి బాగా తెలుసు. ఆ రాత్రికే కాల్ పెట్టారు.

"రూట్ కాజ్ తెలిసేదాకా సాంగ్‌ని హోల్డ్‌లో పెడదాం" అన్నారు ఛైర్మన్ ప్రభాకర్‌గారు.

"అలాగే పెట్టండి బాబూ. దాంతోపాటు నన్నూ పెట్టండి" అన్నారు ఆంటీ.

ఈస్టర్ దగ్గర పడింది. ఆంటీ రిహార్సల్‌కి రావడం మానేశారు. ఆవిడ లేకుండా మేం పాడితే తలా ఒక దారి. అలాంటి రోజుల్లో ఆఫీస్ కేఫెటీరియాలో నా కూనిరాగం విని, మా టీమ్‌లో పనిచేసే లేనా అనే రష్యన్ అమ్మాయి ఆగిపోయింది. "ఇది మా జానపదం. నీకెలా వచ్చింది?" అంది. శాక్రమెంటోలో వాళ్లమ్మ ఇంటికి ప్రతి శనివారం భోజనానికి వచ్చే పెద్దాయన ఒకరున్నారట, సంగీతం పంతులుగా రిటైరయ్యారట. ఆయన్ని అడిగితే తేలిపోతుందంది. కమిటీ సంతోషించి, కారులో నడుంనొప్పి అనే ఆంటీ కోసం రైలుకి అప్రూవల్ ఇచ్చింది.

వెళ్లదలచినవాళ్లకి ఒక సలహా. పోయేటప్పుడు ఎడమవైపు సీట్లు పట్టుకోండి. ఓక్లాండ్ దాటాక రైలు చాలాసేపు నీళ్ల పక్కనే నడుస్తుంది. రైల్లో అమ్మే కాఫీ మీద ఆశ పెట్టుకోకండి. ఆంటీ ఒక గుక్క తాగి, కప్పు వైపు జాలిగా చూసి, డబ్బాలోంచి పులిహోర తీశారు.

ఆ పులిహోర తింటూ ఆంటీ పాట సన్నగా అందుకున్నారు. ఎదుటి సీట్లో అల్లిక పని చేసుకుంటున్న తెల్లావిడ తలెత్తింది.

"అయ్యో, ఇది నా స్కేటింగ్ మ్యూజిక్! చిన్నప్పుడు మంచు మీద దీనికే గిరగిరా తిరిగేదాన్ని" అంది.

"కాదు మేడమ్, పాత వీడియో గేమ్‌లోది" అన్నాడు ఆవిడ పక్కనున్న గడ్డం కుర్రాడు, చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి.

టికెట్లు చూడటానికి వచ్చిన కండక్టర్ ఇద్దరి మీదా జాలిపడ్డాడు. అది హాకీ ఆటలో జనాన్ని లేపడానికి ఆర్గన్ మీద వాయించేదట. కావాలంటే స్టేడియానికి వెళ్లి చూడమన్నాడు. ముగ్గురిలో ఎవరికీ అనుమానమన్నది లేదు. వెనక సీట్లోంచి మన తెలుగువాడు ఒకతను కూడా తొంగిచూశాడు గానీ, అతనికి కావలసింది పాట కాదు. "ఏ కంపెనీ అండీ? గ్రీన్‌కార్డ్ ఏ స్టేజ్‌లో ఉంది?" అని అడిగి, నా జవాబు విని, నాకంటే తానే నయమని తేలాక హాయిగా వెనక్కి వాలాడు.

పన్నెండు కాకముందే శాక్రమెంటోలో దిగాం. లేనా కారుతో వచ్చింది. వాళ్లమ్మ గలీనాగారు గుమ్మంలోనే ఆంటీని కావలించుకుని, పరిచయాలు కాకముందే కోటు విప్పించి, భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బీట్‌రూట్ చారు, పచ్చళ్లు, ఉడకబెట్టిన దుంపలు. తినకుండా మాట మొదలుపెట్టే ఆచారం ఆ ఇంట్లో లేదు. ఆ విషయంలో పాలకొల్లుకీ రష్యాకీ తేడా కనిపించలేదు.

లేనా చెప్పిన అర్కాడీ పంతులుగారు బల్ల చివర కూర్చున్నారు. సన్నగా, మాసిన కోటు వేసుకుని, ప్రశ్న కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నట్టు ఉన్నారు. లేనా మా సంగతి రష్యన్‌లో చెప్పింది.

"జానపదమా! పల్లెటూళ్లో ఎవడూ పాడలేదు దీన్ని. పట్నంలో ఒక పెద్దమనిషి కోటు తొడుక్కుని, బల్ల దగ్గర కూర్చుని, పల్లెపాటలా ఉండాలని రాశాడు. తర్వాత ఊరూరా తిరిగే గాయకులు పాడారు, సైనికులు పాడారు, హోటళ్లలో తాగుబోతులు పాడారు" అన్నారు ఆయన. ఆ మాటలు లేనా మాకు చెబుతుండగానే గలీనాగారు గరిటె బల్ల మీద కొట్టారు.

"మా అమ్మమ్మ పల్లెటూళ్లో పాడేది. నా చెవులతో విన్నాను!"

"మీ అమ్మమ్మ పుట్టకముందే రాశాడమ్మా ఆయన."

ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. లేనా తర్జుమా చేయడం మానేసి దుంపలు వడ్డించింది. "మీ చర్చిలో పాడతారా?" అని ఆంటీ గలీనాగారిని అడిగారు. ఆవిడ ముఖం చిన్నబోయింది. ట్యూన్ మంచిదే గానీ హోటల్ పాట అని తమ చర్చి పెద్దలు ఏనాడో కాదన్నారట. కమిటీ అనే మాట రష్యన్‌లోనూ దాదాపు అలాగే ఉంటుందని ఆ సందర్భంలో తెలిసింది.

అప్పుడు ఆంటీ ఎవరూ అడగకుండానే పాడారు. మొదటి చరణం మెల్లగా, తెలుగులో. రెండో చరణానికి గలీనాగారు రష్యన్‌లో అందుకున్నారు. పంతులుగారు చెంచాతో గ్లాసు మీద తాళం వేస్తూ, ఇద్దరినీ తరుముతున్నట్టు వేగం పెంచారు. నేనూ లేనా చప్పట్లకే పనికొచ్చాం. పాట ఆగేసరికి ఆంటీకి రొప్పు వచ్చింది. నవ్వుతూనే ఉన్నారు. పంతులుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఇది మీ ఊరెలా వచ్చిందని అడిగారు. నేనూ అదే తెలుసుకోవాలని వచ్చానని చెప్పబోయాను.

"ఎలా వస్తుందండీ, మైకులోంచి" అన్నారు ఆంటీ. "మా చర్చి ఎదురుగా కమ్యూనిస్టు పార్టీ ఆఫీసు. వాళ్లకి మాస్కో నుంచి రికార్డు వచ్చింది. పొద్దున్నా సాయంత్రం అదే వేసేవారు. మా నాన్నకి విసుగెత్తింది. ఎటూ వినక తప్పదని దానికే దేవుడి మాటలు కట్టేశాడు. పార్టీవాళ్లు ఊరుకుంటారా? వాళ్లూ కూలి రేట్ల మీద మాటలు కట్టారు. మేం పిల్లలం ఆదివారం ఇది, ఊరేగింపు వస్తే అది పాడేవాళ్లం."

నేను చెంచా కింద పెట్టేశాను. "ఆంటీ, మరి ట్యూన్ కూడా మీ నాన్నగారిదేనని పాటల పుస్తకంలో వేశాం కదా!"

"మీరే వేశారమ్మా. కాదని అప్పుడే చెప్పాను. ప్రింట్‌కి వెళ్లిపోయింది ఆంటీ అన్నారు."

"మరి మొన్న కాల్‌లోనైనా చెప్పొచ్చు కదా?"

"ఆ ఒక్క మాట అనగానే నన్ను మ్యూట్‌లో పెట్టారుగా."

పంతులుగారికి ఇదంతా లేనా చెప్పేసరికి ఆయన ఉన్నట్టుండి లేచి ఆంటీ చేయి పట్టుకున్నారు. ఈ పాట కథ ఆయన జీవితమంతా పిల్లలకి చెప్పారట. ఎవరూ ఆయనకి తిరిగి ఒక ముక్క చెప్పలేదట. పార్టీవాళ్ల మాటలు కూడా పాడమని అడిగారు. ఆంటీ రెండు చరణాలు పాడి, మూడోది గుర్తు రాక, అక్కడ పోలీసులు వచ్చారనుకోమన్నారు.

సాయంత్రం నాలుగు దాటాక తిరుగు రైలెక్కాం. గలీనాగారు కట్టిచ్చిన పచ్చళ్ల సీసాలతో మా సంచులు దిగేటప్పటికంటే బరువయ్యాయి. ఈసారి కుడివైపు కూర్చున్నాం. పాట పుట్టిల్లు చూద్దామని బయల్దేరినవాళ్లం, రోజంతా తిరిగి చూసింది దాని అత్తారిళ్లనే. మంచు మీద ఒకరు, స్టేడియంలో ఒకరు, పార్టీ ఆఫీసులో ఒకరు, అందరూ మా ఇంటి పిల్లే అంటారు. ఏ ఇంటికి వెళ్లినా నడవడిక సరిగ్గా లేదనే అత్తగారొకరు కుర్చీలో కూర్చునే ఉంటారు.

మార్టినెజ్ దాటుతుండగా ప్రభాకర్‌గారి ఫోన్ వచ్చింది. ఆంటీకి వినబడాలని స్పీకర్ పెట్టాను. అంతా చెప్పాను. ఆయన పరిష్కారం చెప్పారు.

"ఓకే, బుక్‌లో ట్యూన్ 'ట్రెడిషనల్' అని వేసేద్దాం. ఎవరికీ ఇష్యూ ఉండదు. కాకపోతే సునీతా, స్పీడ్ పెరగకుండా స్లోగా పాడాలి. స్పీడ్ వల్లే కదా ఆ బాటిల్స్ వాళ్లు గుర్తొచ్చేది. ఆంటీని కొంచెం కన్విన్స్ చెయ్యి."

నేను ఆంటీ వైపు చూశాను. కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఆవిడ ముఖం మీద పడుతోంది. నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"ప్రభాకర్ బాబూ, ఈస్టర్‌కి వస్తున్నాను. మీరు చెప్పినట్టే మెల్లగా మొదలుపెడతాను" అన్నారు. "తర్వాత దాని ఇష్టం."