ఆదివారం గంట ఎవరు కొట్టాలి

మా గూడెంలో ప్రార్థన మందిరానికి గంట అంటే ఒక రైలు పట్టా ముక్క. మాచర్లకు రైలు దారి వేసినప్పుడు మిగిలిందాన్ని ఎవరో మోసుకొచ్చి, గుమ్మం పక్కన వేపకొమ్మకు ఇనప తీగతో కట్టారు. ఆదివారం తెల్లవారుతుండగా మా మిషను బడి పంతులుగారు దాన్ని కడ్డీతో కొట్టేవారు. మొదటి గంట వినబడితే ఆసామి కొట్టంలో గొడ్లకు మేత వేసి ఇళ్ళకు రావాలి. రెండో గంటకు స్నానాలు చేసి మందిరంలో చాపల మీద కూర్చోవాలి. ప్రార్థన ముగిశాక మూడో గంట. అది విని అందరం ఆసామి చేలోకి దిగాలి.

ఈ మూడో గంట సంగతి చెబితే పట్నం క్రైస్తవులు నవ్వుతారు. కానీ మాకు ఆదివారం దొరికింది దానివల్లే. గూడెం మొత్తం ఆ ఒక్క ఆసామి దగ్గర జీతగాళ్ళం, కూలీలం. పొద్దున ఒక పూట వదిలితే గంట కొట్టగానే అందరినీ పంపుతానని పంతులుగారు ఆయనకు మాట ఇచ్చారు. ఆ మాట మీద మా సంఘం ఏళ్ళ తరబడి నడిచింది.

యుద్ధం రోజుల్లో సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళిన మిషను దొరగారు తిరిగి రాలేకపోయారు. చిన్న బడులను కలిపేశారు. మా పంతులుగారిని వేరే ఊరికి మార్చారు. ఆయన బండి ఎక్కిన రోజున గూడెం గూడెమంతా పొలిమేర దాకా వెళ్ళింది. ఆదివారం గంట ఎవరు కొట్టాలని ఆయన్ని ఎవరూ అడగలేదు.

అడక్కపోవడానికి కారణం ఉంది. సంఘానికి పెద్దలు ఇద్దరున్నారు. ఒకరు మా నాన్న, ఇంకొకరు మా మేనమామ. వరసకు బావా బావమరుదులు. కానుక పళ్ళెం ఎవరు పట్టాలి, కొత్తపెళ్ళి జంటకు ముందు ఎవరు చేతులెత్తి దీవించాలి అనే దగ్గర ఇద్దరికీ పడేది కాదు. గూడెం కూడా ఆ మేరకు రెండుగా చీలి, మందిరంలో రెండు వైపుల కూర్చునేది. గంట మాట ఎత్తితే మళ్ళీ తగవు మొదలవుతుందని ఎవరూ నోరు మెదపలేదు. కొన్నాళ్ళు ఎవరు ముందు లేస్తే వాళ్ళు కొట్టారు.

పత్తి తీతల కాలం వచ్చింది. ఒక శనివారం సాయంత్రం మబ్బు కమ్మింది. రేపు పొద్దున్నే రండి, వానకు పత్తి తడిస్తే మట్టిపాలవుతుందని ఆసామి కబురు పెట్టాడు. అది నిజమే. "ఈ ఒక్క ఆదివారమేగా," అన్నాడు నాన్న. అందరూ వెళ్ళారు. ప్రార్థన రాత్రికి పెట్టుకున్నారు.

మరుసటి ఆదివారం మబ్బు లేదు. ఆసామి రమ్మనలేదు. అయినా అందరూ చేలోకే వెళ్ళారు. మాకు పూట కావాలని చెప్పవలసింది ఎవరో తేలక, అలవాటుగా వెళ్ళిపోయారు. ఆ తరవాతి వారమూ అంతే. రాత్రి ప్రార్థనకు దీపం కావాలి. కిరసనాయిలు రేషను. పగలంతా వంగి పత్తి తీసినవాళ్ళు చీకట్లో రెండు కీర్తనలు పాడి, తూగుతూ ఇళ్ళకు పోయేవాళ్ళు. మొదట మగవాళ్ళు మానేశారు. తరవాత పిల్లలు. నేనప్పటికి నరసరావుపేటలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో కుదిరాను. ఇంటికి వచ్చినప్పుడల్లా మందిరంలో ఒక చాప తక్కువ పరిచి ఉండేది.

ఏడాది గడిచాక సైకిలు మీద పాస్టరుగారు వచ్చారు. ఎన్నో ఊళ్ళు ఆయన ఒక్కరే చూసేవారు. ఆ రాత్రి బుడ్డిదీపం ముందు ఆయనకు కొందరు ఆడవాళ్ళే కనిపించారు. ప్రార్థన ముగిశాక నాన్నను, మామను పిలిచి చెప్పారు.

"పునరుత్థాన పండుగ నాటికి ఆదివారం పొద్దుటి ఆరాధన మళ్ళీ మొదలవ్వాలి. లేకపోతే మిమ్మల్ని పక్కూరి సంఘంలో కలిపేస్తాను. ప్రభు భోజనానికి అక్కడికే రావాలి. నాకు వేరే దారి లేదు."

పక్కూరంటే వాగు దాటి సున్నపురాళ్ళ బాటన నడవాలి. మా మేనత్తకు మోకాళ్ళు వంగవు. నాన్నకు అక్క. ఆసామి కొట్టంలో పేడ తీసే పని ఆమెది. ఆమెలాంటి ముసలివాళ్ళు గూడెంలో ఇంకా ఉన్నారు. కలిపేస్తే ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆ సంస్కారం వాళ్ళకు లేనట్టే. మందిరానికి తాళం పడినట్టే.

ఆ శనివారం నాన్న, మామ, సెలవుకు వచ్చిన నేను ఆసామి ఇంటికి వెళ్ళాం. ఆయన అరుగు మీద మంచంలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. మేం వాకిట్లో నిలబడ్డాం.

"ఏందిరా, ఇద్దరూ జంటగా వచ్చారు? ఎవరన్నా పోయారా ఏంది?"

"ఆదివారం పొద్దున, అయ్యా..." అని నాన్న ఆగిపోయాడు.

"ఆదివారానికేమొచ్చింది?"

"ప్రార్థనకయ్యా," అన్నాడు మామ.

ఆసామి చుట్ట నోట్లోంచి తీశాడు. "నేనొద్దన్నానంట్రా? మబ్బు పట్టిన రోజున రమ్మన్నా. ఆ మబ్బు పోయి ఏడాదైంది. మీరొస్తా ఉన్నారు, నేను పని చెబుతా ఉన్నా."

ఆసామి చుట్ట నుసి దులిపాడు.

"సరే, పూట వదుల్తా. మీ పంతులుండగా నాకొక మాటుండేది. గంట కొడితే జనం చేలో ఉండేవాళ్ళు. ఇప్పుడా మాట ఎవరిస్తారు? ఒక్కణ్ణి చెప్పండి. జనం రాకపోతే వాణ్ణే అడుగుతా."

నాన్న మామ వైపు చూశాడు. "బావే పెద్దయ్యా," అన్నాడు.

"బావుండగా నేనేంది? ఆయన్నే అడగండి," అన్నాడు మామ.

కానుక పళ్ళెం కోసం మాటలు మానుకున్న మనుషులు వాకిట్లో ఒకరినొకరు ముందుకు తోసుకున్నారు. ఆసామి పగలబడి నవ్వాడు. నాన్న తలగుడ్డ తీసి మడతపెడుతూనే ఉన్నాడు.

పేడగంప నెత్తిన పెట్టుకుని కొట్టంలోంచి వస్తున్న అత్త అక్కడే నిలబడిపోయింది.

"పళ్ళెం కాడ గుంజుకుంటారు గదరా, ఇప్పుడు చేతులు రావటంలా?" అని తమ్ముణ్ణి అడిగింది. ఆసామి వైపు తిరిగి, "నన్నడుగయ్యా. గంట నేను కొడతా. జనం రాకపోతే నన్నడుగు," అంది.

"ఏమే, ఆడదాని మాట మీద కూలీల్ని వదలమంటావా?"

"నీ గొడ్లను నా మీద వదిలి కోటప్పకొండ తిరనాళ్ళకు పోలా? ఒక్క దూడన్నా తప్పిపోయిందా?"

ఆయన చుట్ట పీక వాకిట్లోకి విసిరి, "రేపు చూద్దాం, పో," అన్నాడు.

తిరిగి వస్తూ మామ బాట మొదలయ్యే గూడెం మొగలో ఆగి, "ఆడది ఇచ్చిన మాటకు నేను కట్టుబడను బావా," అన్నాడు. ఆ మాట నాన్న ఇచ్చి ఉంటే కట్టుబడేవాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. బహుశా కట్టుబడేవాడు కాదు.

మర్నాడు తెల్లవారుతుండగా అత్త గంట కొట్టింది. మా వైపు ఇళ్ళు వచ్చాయి. మామ వైపువాళ్ళు పత్తి చేలోకే వెళ్ళారు. చాపల మీద కూర్చున్నాక ప్రార్థన నడపడానికి ఎవరూ లేవలేదు. అత్తకు చదువు రాదు. ఆమె బైబిలు తీసి నాన్న ఒళ్ళో పెట్టింది. "చదవరా," అంది. నాన్న లేచి ఒక కీర్తన చదివాడు. దాని మీద రెండు మాటలు చెప్పబోయి, రాక, కూర్చున్నాడు. మూడో గంట కొట్టాక అత్త గూడెం మొగలో నిలబడి, మందిరానికి వచ్చినవాళ్ళను ఒక్కర్ని కూడా వెనక మిగలనీయకుండా చేలోకి తోలింది. ఆసామికి అడిగే పని పడలేదు.

పండుగ నాడు పాస్టరుగారు వచ్చి సగం నిండిన మందిరాన్ని చూశారు. కలిపేసే మాట ఎత్తలేదు. తన పుస్తకంలో నాన్న పేరు సంఘ పెద్దగా రాసుకున్నారు. అత్త పేరు రాయడానికి ఆ పుస్తకంలో చోటు లేదు. మోకరించలేని అత్త మొదటి చాప మీద కూర్చునే సంస్కారం తీసుకుంది.

తరవాత చాలాకాలం పత్రికల్లో పనిచేశాను. మూతపడ్డ మందిరాల గురించి వార్తలు వచ్చేవి. కారణం నాయకత్వ లోపం అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవాళ్ళం. ఆ మాట దిద్దినప్పుడల్లా నాకు ఆసామి వాకిలి కనిపించేది. ఎండలో ఇద్దరు పెద్దమనుషులు, ఇద్దరూ మంచివాళ్ళే, ఒక అడుగు వెనక్కి వేస్తూ.

ఆ పండుగ పొద్దున ఆరాధన ముగిశాక నాన్న కడ్డీ తెచ్చి అత్తకిచ్చాడు. "కొట్టక్కా, వేళయింది," అన్నాడు. ఆమె కొట్టింది. నేను గుమ్మంలోంచి చేల వైపు చూశాను. పత్తిమొక్కల మధ్య మామవాళ్ళు ఆ చప్పుడుకు ఒక్కసారి నడుములెత్తారు. అందరూ మామ వైపు చూశారు. ఆయన వంగి మళ్ళీ పత్తి తీయసాగాడు. ఒకరి తరవాత ఒకరు వాళ్ళూ వంగారు.