లక్ష్మీదేవమ్మ కట్టించిన రెండు గదులు

కర్నూలు రాజధాని అయిన ఏడాది, తుంగభద్ర ఒడ్డుకు దగ్గర్లోని ఆ వీధిలో, అక్కడి మాటలో గేరిలో, ముందుగా లక్ష్మీదేవమ్మ తలుపే తట్టారు. మద్రాసు నుంచి బదిలీ మీద వచ్చిన గుంటూరు గుమాస్తా దావీదురాజు, వెనక అతని భార్య, చంకలో బిడ్డ. గుడారంలో ఉంటున్నారట. రాత్రి వానకు పరుపులు తడిసి ముద్దయ్యాయట.

"ముందు గది ఇప్పించండమ్మా, బాడుగ మీరెంతంటే అంత," అన్నాడు.

లక్ష్మీదేవమ్మ కుడుతున్న విస్తరి పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. ఆమెది భూములు చూసిన ఇల్లు. కరువుల్లో భూములు పోయి, మొగుడు గిడ్డయ్య పత్తి మిల్లులో కూలికి పోతున్నా, ఊరూ పేరూ తెలియని వాళ్లకు ఇల్లు బాడుగకిచ్చేంత గతి పట్టలేదనుకుంది.

"మా ఇంట్లో బయటోళ్లను పెట్టుకోమప్పా. ఆ పక్కన జీవమ్మ ఉండాది సూడు, మేకల కొట్టం ఖాళీ చేసిస్తుందేమో అడుగు," అంది ఎగతాళిగా.

అతను నిజంగానే వెళ్లి అడిగాడు. జీవమ్మ ఆసుపత్రిలో ఆయా పని చేసుకుంటూ ఒంటరిగా బతుకుతున్న మనిషి. మర్నాటికల్లా మేకల్ని అమ్మేసింది, కొట్టం అలికి, సున్నం కొట్టి, వాళ్లను దించుకుంది.

లక్ష్మీదేవమ్మకు కడుపుమంట ఆ రోజే మొదలైంది. తాను చూపించిన మనిషే కదా! ఏడాది తిరిగేసరికి కొట్టం పోయి మిద్దె లేచింది. మరుసటేడు ఇంకో మూడు గదులు, వాటికి కరెంటు దీపాలు. గేరిలో పాతవాళ్లు చాలామంది తమ ఇళ్లు బాడుగకిచ్చి ఊరి చివర గుడిసెలు వేసుకున్నారు. పొద్దున లేస్తే కాఫీ వాసన, కోస్తా మాటలు. మూలమీద భోజన హోటలు పెట్టినాయన లక్ష్మీదేవమ్మ విస్తర్లు కట్టలు కట్టలుగా కొనేవాడు. ఆమె చేతినిండా పనే. అయినా ఆమె చూపు గోడ అవతలే ఉండేది. జీవమ్మ కొత్త చీర కడితే ఆ పూట అన్నం సయించేది కాదు. దావీదురాజు భార్య "పిన్నిగారూ" అని జీవమ్మను పిలవడం వినబడితే చేతిలో పుల్ల విరిగేది.

"మనకేం తక్కువైందే? ఇస్తర్లు బాగానే పోతాండాయి కదా," అనేవాడు గిడ్డయ్య.

"నీకు రోషం లేదు. ఆయమ్మ మన కండ్లముందర మిద్దెలు కడతాండాది."

ఒకసారి కొత్తగా వచ్చిన గుమాస్తా పెళ్లాం జీవమ్మ ఇల్లు ఏదని అడిగితే, "ఆ ఇంట్లో అమ్మవారు పోసిందమ్మా, పిల్లలున్నోళ్లు పోవద్దండి," అంది. ఆమె బెదిరి వెనక్కి పోయింది. సంగతి జీవమ్మకు తెలిసింది. ఆ సాయంత్రం వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"నేను నీకేం అన్యాయం చేసినానక్కా?"

 లక్ష్మీదేవమ్మ ఆకులు సర్దుకుని లోపలికి పోయింది.

యాభై ఆరు ఎండాకాలంలో ఆమె కమ్మలు, కడియాలు అమ్మి పెరట్లో రెండు గదులకు పునాది తీయించింది. నాపరాళ్ల బండి వచ్చిన రోజు జీవమ్మే మళ్లీ వచ్చింది.

"అక్కా, ఇప్పుడు కట్టొద్దు. సర్కారు కచేరీలన్నీ హైదరాబాదు పోతాయని దావీదురాజు సారు చెప్తాండాడు. పేపర్లో కూడా రాసినారంట."

"నాకు బాడుగలొస్తే నీకు కండ్లు మండుతాయి, అందుకే చెప్తాండావు."

జీవమ్మ వెళ్లిపోయింది. గిడ్డయ్య కూడా మిల్లులో అదే మాట విని వచ్చాడు. ఆమె వినలేదు. ఆ మాట ఇంకెవరు ముందు చెప్పినా నమ్మేదేమో.

గదులకు తలుపులు పెట్టిన నెలకే గేరిలోకి లారీలు వచ్చాయి. మంచాలు, బీరువాలు, తులసి కుండీలు ఎక్కించుకుని ఒక్కో కుటుంబం వెళ్లిపోయింది. దావీదురాజు భార్య జీవమ్మను కావలించుకుని ఏడ్చింది. ఖాళీ అయిన జీవమ్మ గదులు చూసి లక్ష్మీదేవమ్మకు మనసు చల్లబడింది. ఆ చల్లదనం నాలుగు రోజులు కూడా నిలవలేదు. హోటలు మూతపడింది. కుట్టిన విస్తర్లు అటకమీద ఎండి పెళుసుబారాయి.

కోసిగి వైపు వానల్లేక కూలీలు పిల్లాజెల్లాతో ఊళ్లోకి దిగుతున్నారు. జీవమ్మ తన గదులు వాళ్లకే ఇచ్చింది, ఇచ్చినంత తీసుకుంది. "కరెంటు దీపాల కింద కూలోళ్లా!" అని లక్ష్మీదేవమ్మ తన గదులకు తాళం వేసి కూర్చుంది. ఆరు నెలలు చూసి చూసి గిడ్డయ్య ఆమెను అడక్కుండానే తాళం తీసి, చిన్న ఈరన్న అనే రాళ్లు కొట్టే మనిషిని, అతని పెళ్లాన్ని దించాడు. రెండు రోజులు ఆమె మొగుడితో మాట్లాడలేదు. మూడోనాడు తనే వాళ్లకు నీళ్లకుండ ఇచ్చింది.

వాళ్లు మంచివాళ్లు, చెప్పిన రోజుకు బాడుగ ఇచ్చేవాళ్లు. అయితే చిన్న ఈరన్న పెళ్లాం పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూనే గోడ దగ్గరికి పోయి, జీవమ్మతో నవ్వుతూ మాట్లాడేది.

"సూసినావా, మన ఇంట్లో ఉండి దానితో ఏం మాటలో!" అంది లక్ష్మీదేవమ్మ.

గిడ్డయ్య బీడీ ముట్టించుకున్నాడు.