ఆగి ఉన్న కార్ల బొమ్మలు

మొన్న మా తమ్ముడి కూతురు నా ఫోనుకు ఒక ఎర్రకారు ఫొటో పంపి, ఎట్లుందత్తా అని అడిగింది. వాన వెలిసిన రోడ్డు, తడిలో కారు నీడ, అద్దం మీద నిలిచిన చినుకులు. ఏ ఊళ్లో తీశావమ్మా అంటే నవ్వి, ఊరూ లేదు కారూ లేదు, అంతా కంప్యూటర్లో ఆడే కార్ల రేసుల ఆటలోదేనంది. ఆటలో బండి ఆపి ఫొటో తీసుకోవడానికి ఇప్పుడు కెమెరా కూడా పెట్టారట. ఈ పని వాళ్ల నాన్న ఏ కెమెరా లేకుండానే, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో చేశాడని ఆ పిల్లకు తెలియదు.

అప్పట్లో మదనపల్లెలో నాకూ మా ఆయనకూ చిన్న ఫొటో స్టూడియో ఉండేది. కొత్త బండి కొన్నవాళ్లు పూజ చేయించగానే మమ్మల్ని పిలిచేవారు. బానెట్ మీద పూలదండ, టైర్ల కింద ఇంకా తొక్కించని నిమ్మకాయలు, పక్కన బిగుసుకుపోయి నిలబడిన ఇంటిల్లిపాదీ. కార్ల ఫొటోల గురించి నాకున్న విద్యంతా అదే, దాంతోనే నేను పెద్ద పండితురాలినని అనుకునేదాన్ని.

మా తమ్ముడు పుంగనూరు నుంచి కుప్పానికి జీపు తోలేవాడు. ఒకసారి కుప్పం దారిలో మలుపు దగ్గర జీపు పల్టీ కొట్టింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు గానీ వీడి కాలు విరిగింది. కాలు అతుక్కుంది, నడక వచ్చింది, స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం చేతులు వణికి దిగిపోయేవాడు. వాడికి తెలిసిన పని అదొక్కటే, ఇంట్లో చంటిపిల్ల. మాకందరికీ అదే దిగులు. చివరికి కుప్పంలో మా పిన్నమ్మ కొడుకు నడిపే కంప్యూటర్ సెంటరులో చేదోడుగా కూర్చున్నాడు.

అక్కడే రేసుల ఆట దొరికింది. తక్కినవాళ్లంతా కార్లు గుద్దుకుంటూ కేకలు పెడుతుంటే, వీడు మెల్లగా కొంతదూరం పోయి, రోడ్డు పక్కన ఆపి, ఒక మీట నొక్కి ఆ తెరను బొమ్మగా దాచుకునేవాడు. ఒక ఫ్లాపీలో ఒక బొమ్మే పట్టేది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని బస్సులో మదనపల్లెకు వచ్చి, మా స్టూడియో కంప్యూటర్లో తెరిచి, నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

"బాగుండాదా అక్కా? నిజం సెప్పు."

"బండి బాగుండాది. పక్కన మనిషే లేడే, ఎవురి బండని తెలుస్తుంది? టైరు కింద నిమ్మకాయ గూడా లేదు."

కంప్యూటర్లో నిమ్మకాయ యాడ తేవాలక్కా అని వాడు దగ్గొచ్చేదాకా నవ్వాడు. కాలు విరిగాక వాడు అంతగా నవ్వడం నేను చూడలేదు. అందుకే ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టేదాన్ని, ఆకాశం ఎక్కువైందని, వెనక స్తంభం కారు నెత్తిన మొలిచిందని. వాడు శ్రద్ధగా విని, మరుసటిసారి సరిచేసి తెచ్చేవాడు.

అయితే చూడగా చూడగా నాకొక వింత కనిపించింది. ఒక్క బొమ్మలోనూ కారు కదలడం లేదు.

"అన్నీ నిలబడిన బండ్లే తీస్తాండావు, యాలరా?"

విరిగి అతికిన కాలు నిమురుకుంటూ, "పోతా ఉంటే మలుపొస్తాదక్కా" అన్నాడు. నేను టీ తెప్పించాను. ఆ తర్వాత కొన్ని వారాలు వాడు రాలేదు, అడిగి తప్పు చేశానేమోనని నా మనసు పీకుతూనే ఉంది.

మళ్లీ వచ్చినప్పుడు తెచ్చింది కారు లోపలినుంచి తీసిన బొమ్మ. ఎదురుగా స్టీరింగు, అద్దం నిండా కొండ. రోడ్డంతా పక్కకు పోయిందే అన్నాను, అలవాటుగా.

"మలుపులో ఉండానక్కా. ఇంకా తిప్పుతాండా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి ఏ వంకా పెట్టలేదు.

తర్వాత కొన్నాళ్లకు రామసముద్రంలో పెళ్లి ఫొటోలకు పోవాలి, మా వ్యాను డ్రైవరు రాలేదు. ఆ పూట స్టూడియోలోనే ఉన్న మా తమ్ముడు మా ఆయన చేతిలోంచి తాళం తీసుకుని ఎక్కాడు. దారంతా నేను వాడి చేతులే చూస్తూ కూర్చున్నాను. మలుపుల దగ్గర బాగా నెమ్మదించాడు గానీ, ఎక్కడా ఆపలేదు.

ఇప్పుడు ఫోనులో రోజుకు ఎన్నెన్ని ఫొటోలొస్తాయో. చూసీచూడకుండానే బాగుందని ఒక గుర్తు పెట్టి పక్కకు నెడతాం, నేనూ అంతే. ఒక్క బొమ్మ పట్టుకుని బస్సెక్కి వచ్చేవాళ్లూ లేరు, దాని ముందు పూటంతా కూర్చుని ఎందుకిట్లా తీశావని అడిగే తీరికా లేదు. ఆ రోజు నేను కూడా బాగుందిలేరా అని పంపించేసి ఉంటే, మా తమ్ముడు ఇప్పటికీ ఆ రోడ్డు పక్కనే బండి ఆపుకుని కూర్చుని ఉండేవాడేమో.