వరుసలో ఆమె జాగా

ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో రాయి విసిరితే కాబోయే డిప్యూటీ కలెక్టరుకే తగిలేది. పోటీ పరీక్షలకు చదువుతున్న నేనూ ఆ కాబోయేవాళ్లలో ఒకదాన్ని. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ కోసం పోట్లాట, మధ్యాహ్నం మా అమ్మ నడిపే మెస్సులో వడ్డన. 'గ్రామీణ పేదరిక నిర్మూలనలో సూక్ష్మరుణాల పాత్ర' అన్న వ్యాసాన్ని నిద్రలో లేపి అడిగినా ఉపోద్ఘాతంతో సహా అప్పజెప్పేదాన్ని. 'సామూహిక బాధ్యత' అనే మాట కింద ఎర్ర ఇంకుతో గీత కూడా గీసేదాన్ని.

మెస్సులో వంటకు జనగామ దిక్కు నుంచి ఒకావిడ వచ్చి చేరింది. నేను అక్కా అనేదాన్ని. మా అమ్మది కోస్తా చెయ్యి, ఆమెది తెలంగాణ చెయ్యి. ఇద్దరికీ పచ్చిపులుసు దగ్గర రోజూ తగువే.

"కాచకుండా పులుసు ఎలా పోస్తావమ్మా జనానికి?" అనేది మా అమ్మ.

"కాస్తె పచ్చిపులుసు ఎట్లయితదమ్మా?" అనేది అక్క.

ఒక్క విషయంలో మాత్రం ఆమె మహా మొండి. భోజనానికొచ్చిన పిల్లలెవరైనా వరండాలో గడప ముందు కూర్చుంటే ఊరుకునేది కాదు. "లేవుండ్రి బిడ్డా, గడపల కూసోవద్దు" అంటూ గరిటెతో సహా వచ్చేది. అరిష్టమని పట్టింపు కాబోలు అనుకున్నాం.

ఒకరోజు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తనే చెప్పింది. ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లు ఒక గ్రూపు. ఒకరికొకరు జామీను. అందరూ కలిసి నాట్లు వేసినవాళ్లే. వారం వారం చాప మీద వరుసగా కూర్చుని వాయిదా కట్టేవాళ్లు, ఎవరి చోటు వాళ్లదే. మొదటి అప్పుతో అక్కకు బర్రె వచ్చింది. ఆ పాలతో ఇంటి మీదికి రేకులొచ్చాయి. మొగుడు లేని ఇల్లయినా కూతురు బడికెళ్లింది. "అప్పంటె గప్పుడు దేవుడే బిడ్డా" అంటున్నప్పుడు ఆమె ముఖం వెలిగింది. నేను చూశాను.

తర్వాత ఇంకో కంపెనీ వచ్చి ఇంకో అప్పిచ్చింది. దాన్ని కట్టడానికి మరొకటి. అంతలో బర్రె చచ్చిపోయింది, వాయిదా తప్పింది. కంపెనీ మనిషి గ్రూపులో మిగతా నలుగురినీ తీసుకొచ్చి ఆమె గడప ముందు కూర్చోబెట్టాడు, డబ్బు చేతికొచ్చేదాకా లేవొద్దని.

"కంపెనోడు కూసుంటె ఓర్సుకుందు. ఆళ్లు కూసున్నరు. ఆళ్ల ముంగట పొయ్యి ముట్టియ్య మనసు గాలె" అంది.

కూతుర్ని తల్లిగారింట్లో వదిలి పట్నం బస్సెక్కింది. ఇక ఊరి మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది. కానీ కూతురి మాట వస్తే చేతిలో పని ఆగిపోయేది. ఒట్టు నిలబెట్టుకుంటే బిడ్డ దూరం, తప్పితే మళ్లీ ఆ గడప. ఆ రెంటి మధ్యా నలిగిపోవడం మేం రోజూ చూస్తూనే ఉన్నాం.

కొన్నాళ్లకు సర్కారు కట్టడి పెట్టడంతో కంపెనీల వాళ్లు ఊళ్లలోకి రావడం మానేశారు. ఆ సంగతి పేపర్లో చూసి సంబరంగా చదివి వినిపించాను. "కంపెనోడు రాకుంటేంది? ఆళ్లుంటరు గద" అంది అక్క.

తెలంగాణ ఉద్యమం రోజులవి. బంద్ లేని ఒక మధ్యాహ్నం, మెస్సు కిటకిటలాడుతుండగా, నలుగురు ఆడవాళ్లు మా సందులోకి వచ్చారు. అక్క తల్లిగారింట్లో అడ్రసు పట్టుకుని, నారాయణగూడ చౌరస్తాలో బస్సు దిగి, దారి అడుక్కుంటూ వచ్చారట. వచ్చీరాగానే వరండాలో గడప ముందు వరుసగా కూర్చున్నారు.

వంటింట్లోంచి వాళ్లను చూసి అక్క చేతిలో గరిటె వదిలేసింది. "గీడికి గూడ వచ్చిన్రు" అంటూ పొయ్యి చాటున కూర్చుండిపోయింది. నాకు ఒళ్లు మండింది. నాకంటే ముందు మా అమ్మకు మండింది.

"ఏమ్మా, ఆమెను ఊరొదిలించింది చాల్లేదా? ఇక్కడ మీకెవరూ బాకీ లేరు. లేవండి ముందు!"

నలుగురిలో పెద్దావిడ తలెత్తింది. "బాకీ కోసం రాలేదమ్మా. జర మేం కూసున్న తీరు జూడుండ్రి."

చూశాను. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ.

"గది దాని జాగ" అంది పెద్దావిడ. "అది పోయినకాంచి గట్లనే ఇడిసిపెట్టినం. ఇప్పుడు సంగం మేమే నడుపుకుంటున్నం. వారం వారం మా పైసలే జమ జేస్తున్నం, దాని వంతు మేం నలుగురం ఏస్తున్నం. నాడు గడపల కూసొని దాని ఉసురు పోసుకున్నం. గందుకే మల్ల గడపలనే కూసున్నం. అది వచ్చి కూసున్నంకనే లేస్తం."

"మరి కంపెనీ బాకీ?" అంది అమ్మ, ఇంకా కోపంగానే.

"ఉంటది. ఐదుగురం ఒక్కకాడుంటె ఏదో తొవ్వ దొరుకుతది."

అక్కను ఊరు దాటించింది ఈ కూర్చోవడమే. దాన్నే పట్టుకుని ఆమెను వెనక్కి పిలవడానికి ఇంత దూరం వచ్చారు. తప్పయిందని ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. మనుషులకు ఇలాంటిది ఎలా తోస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. గుడిలో కూడా అంత మనస్ఫూర్తిగా దండం పెట్టాలనిపించలేదు నాకు.

అక్క మాత్రం బయటికి రాలేదు. లేచి ముఖం కడుక్కుంది. పప్పు దించింది, పిల్లలందరికీ వడ్డించింది. వాళ్లు తిని, చెప్పులు చేత పట్టుకుని, వరండాలో ఓ పక్కగా చప్పుడు చేయకుండా వెళ్లిపోయారు. ఎండ వరండాలోకి పాకింది. ఆ నలుగురూ కదల్లేదు.

చివరికి అక్క నాలుగు విస్తర్లు తెచ్చింది. ఎవరి ముఖమూ చూడకుండా అన్నం పెట్టి పచ్చిపులుసు పోసింది. ఒక్కరూ ముద్ద ముట్టలేదు.

అప్పుడు మా అమ్మ లోపలికెళ్లి ఇంకో విస్తరి తెచ్చి ఆ ఖాళీ ముందు వేసింది. అన్నం తనే వడ్డించింది. వంటమనిషి ఇక దక్కదని ఆమెకు తెలుసు.

అక్క గడప అవతల చాలాసేపు నిలబడింది. తర్వాత దాటి వచ్చి, చీర సర్దుకుని, ఆ జాగాలో కూర్చోబోయింది. పట్టలేదు. మా ఇంటి తిండికి కాస్త ఒళ్లు చేసింది మరి. పక్కామెను మోచేత్తో పొడిచి, ఏడుపు గొంతుతోనే, "జర జరుగే" అంది.

నలుగురూ జరిగారు.