కార్వార్ రేవులో వాగవతలి అక్క

మొన్న గద్వాల సంతలో నా పక్కనే ఒకామె వంగి ఉల్లిగడ్డలు ఏరుతూ, "ఎష్టప్పా?" అంది. కన్నడలో ఎంత అని. కర్ణాటక సరిహద్దు దగ్గరి ఊళ్లవాళ్లం కాబట్టి మాకా మాట కొత్త కాదు. కానీ ఎక్కడ విన్నా నా ముక్కుకు పచ్చిచేపల వాసన తగులుతుంది, కార్వార్ రేవు కళ్లముందుకొస్తుంది.

వయసులో ఉన్నప్పుడు ముంబైకి కూలికి పోయి, అక్కడి రేవులో బస్తాలు మోసి, చివరికి ఒక చెక్క ఓడలో వంటవాడిగా కుదిరాను. తెరచాప, ఇంజను రెండూ ఉన్న ఓడ. మంగళూరు దిక్కుకు సరుకు మోసేది. ఈత రాని నేను ఓడెక్కానంటే మా అమ్మ చివరిదాకా నమ్మలేదు. మా నాఖుదా, అంటే ఓడ నడిపే పెద్దాయన, గుజరాత్ మనిషి. నా పచ్చిపులుసు కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఇంకా పొయ్యమనేవాడు. ఒక ప్రయాణంలో ఆయన కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. మొహం బూడిదరంగుకు తిరిగింది. ఆగాల్సిన ఊరు కాకపోయినా కార్వార్‌లో లంగరు దించాం. కన్నడ వచ్చని అందరి దగ్గరా గొప్పలు పోయింది నేనే గనుక, ఆసుపత్రి వెతికే పని నా మీద పడింది.

రేవు బయట చేపల బజారు. నేను కన్నడలో అడిగితే చేపలమ్మే ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. వాళ్ల మాట కొంకణి. ఒకామె నేను బేరానికొచ్చాననుకుని ఒక చేపను తోక పట్టుకుని పైకెత్తింది. అంత కంగారులోనూ దాని వీపు మీది నీలి చారలను చూస్తూ నిలబడిపోయాను. ఇంతలో రోడ్డు పని చేస్తున్న ఒకామె గంప దించి, "నిందు యావ ఊరప్పా?" అంది. నీది ఏ ఊరు అని. సంగతి చెప్పగానే మొగుణ్ణి కేకేసి, ఆటో ఒకటి ఆపి, రేవులోకి తీసుకొచ్చింది. నాఖుదాను ఎక్కించాం. దారిలో నా ఊరి పేరు వినగానే ఆమె తెలుగులోకి దిగింది.

"మీ ఊరా! మాది వాగవతల. మీ ఊర్ల పెండ్లయితే మైకు మోతకు మాకు నిద్రుండది గద!"

"ఎన్నడన్న మా ఊరికొచ్చినవా అక్కా?"

"మీ ఊర్ల నాకేం పని? నువ్వొచ్చినవా మా దిక్కు?"

నేనూ పోలేదు. మా రెండూళ్ల నడుమ ఆ వాగే సరిహద్దు. వానాకాలం తప్ప ఆ వాగులో మోకాలిలోతు నీళ్లయినా ఉండవు. మా సంత ఇటు, వాళ్ల సంత అటు, చుట్టాలు ఎక్కడివాళ్లక్కడ.

ఆ పూటే నాఖుదాకు అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. ఆయన లేచి తిరిగేదాకా ఓడ అక్కడే ఉంది. నేను రోజూ రోడ్డు పని దగ్గరికి పోయి ఆ అక్కను ప్రశ్నలతో సతాయించేవాణ్ణి. అవతల నుంచి చూస్తే మా ఊరెట్లా కనబడుతుంది?

"సందేల మీ మిట్ట మీద పశువులొస్తుంటే దుమ్ము లేస్తది. ఊరంటుకున్నదేమో అని చిన్నప్పుడు భయపడుతుంటి" అంది.

బయల్దేరే రోజున ఆమే అడిగింది. "ఊరికి పోతే మా అవ్వకు జర చెప్పు, నేను మంచిగనే ఉన్న అని. ఫోన్ల చెప్తే నమ్మది. కండ్లతో చూసినోళ్లు చెప్పాలంటది."

ఆ ఎండాకాలం ఇంటికొచ్చి, లుంగీ పైకి కట్టుకుని వాగు దాటాను. ముసలావిడ అంతా విని, నన్ను తేరిపార చూసి, "బక్కగైందా?" అని ఒక్కటే అడిగింది. లేదన్నాను. అప్పుడు చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చి, తాగినంతసేపూ ఎదురుగా కూర్చుంది.

ఆ వాగు దాటడానికి బీడీ కాల్చినంతసేపు కూడా పట్టలేదు. దాటి చూద్దామని తోచేసరికి మాత్రం నాకు ముప్పై ఏళ్లు దాటాయి.