మీసాలు రాసి ఊరు మరిచాడు

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక హోటలు గురించి ఎవరో పెట్టిన వీడియో చూపించింది. పొగలు కక్కే రాగి ముద్దను చూపించాడు, తను లొట్టలు వేయడం చూపించాడు, ఆ హోటలు ఏ ఊళ్లో ఉందో మాత్రం చెప్పలేదు. నా పాత మంట మళ్లీ రాజుకుంది. మరిచిపొమ్మని ఇంట్లోవాళ్లు అంటారు గానీ, నేనెందుకు మరవాలి?

వల్లూరు చుట్టూ సోలారు పలకలు పరుస్తున్న రోజుల్లో, మా చేను కూడా వాటికే కౌలుకు పోయాక, పనివాళ్ల కోసం మా అక్క రేకుల కొట్టులో చిన్న హోటలు పెట్టింది. నేను వడ్డించేవాణ్ని. మా చేలో పండిన ఆఖరి పంట శెనక్కాయలు రెండు మూటలు దాచుకుని, వాటినే వేయించి రోట్లో నూరి, ముద్దలోకి ఊరిబిండి పచ్చడి చేసేది. బయటి కాయలు ముట్టనంది. ఒక మధ్యాహ్నం బెంగళూరు నుంచి ఒక పత్రికాయన వచ్చి, మూడు రాగి ముద్దలు తిని, వేళ్లు నాకి, రాస్తానని చెప్పి వెళ్లాడు. అక్క ఆ సాయంత్రమే ఇంకో రెండు బెంచీలు చేయించమంది.

రాశాడు. ఎండ గురించి రాశాడు, పలకల మెరుపు గురించి రాశాడు, ఊరిబిండిని ఆకాశానికెత్తాడు, వడ్డించినవాడి మీసాల మీద కూడా రెండు వాక్యాలు ఖర్చుపెట్టాడు. ఊరి పేరు లేదు, కొట్టు ఎక్కడుందో లేదు, వండిన మనిషి లేదు. పేపరు పట్టుకుని కార్లలో వచ్చినవాళ్లు రోడ్డు మొదట్లో పెద్ద బోర్డున్న హోటలు దగ్గరే ఆగిపోయారు. దాని యజమాని అది తన గురించేనని చెప్పి, ఆ కాగితానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. మీసాలు కూడా పెంచాడు.

“పోనీలే తమ్ముడా, నీ మీసాలకైనా పేరొచ్చినాది,” అని అక్క నవ్వింది. నేను నవ్వలేదు. పత్రికకు ఉత్తరం మీద ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఆ హోటలుకు పోయి నిలదీస్తానంటే, “ఆడికి పోయి ఏమడుగుతావప్పా? ఈ రుచి వాని రోట్లో ఉండాదా ఏంది?” అంది. కానీ కొత్త బెంచీల మీద ఎవరూ కూర్చోలేదు. రెండో మూట అయిపోయిన రోజు అక్క రోలు కడిగి గుడ్డ కప్పి, కొట్టుకు తాళం వేసింది.

మన కాలంలో ఎక్కడ తిన్నా, వండిందెవరమ్మా అని వంటింటి వైపు ఒకసారి తొంగిచూసి లేచేవాళ్లం. ఇప్పుడు ప్రతి పళ్లేనికీ ఫోటో ఉంది, ఆ మాట అడిగేవాళ్లే లేరు. అందుకని ఆయన వదిలేసినవి నేనే రాస్తున్నాను. ఊరు వల్లూరు. బస్సు దిగితే ఎడమ చేతివైపు మూడో రేకుల కొట్టు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటిదాకా. కాయలు మా చేలోవి. వండింది మా అక్క. ఇప్పుడక్కడ కొట్టూ లేదు, అక్కా లేదు, చేలో కాయా లేదు. అయినా చిరునామా ఇదే.