మిరప రాశిలో చేతులు

వెంకాయమ్మ గారి దెయ్యాలకు జడలుంటాయి, కాళ్లుంటాయి, చేతులు మాత్రం కనపడవు. ఒకటి చేతుల్ని పత్తి బస్తాలోకి దించుకుంటుంది, ఒకటి వెనక్కి కట్టుకుంటుంది, ఇంకొకటి కొంగు కింద దాచుకుని నవ్వుతుంది. ఆరు గంభీరమైన నవలలు రాసిన ఈ రిటైర్డ్ లెక్చరర్ డెబ్బయ్యో ఏట కామిక్సుకు దిగడమే పొదిలి సాహితీపరులకు మింగుడుపడలేదు. ఈ చేతుల గొడవ చూసి చాదస్తం ముదిరిందని తేల్చేశారు.

బొమ్మలు ఇమాం హుస్సేన్‌వి. ఫ్లెక్సీలు వచ్చి పొట్ట కొట్టేదాకా షాపు బోర్డుల మీద ముఖాలు గీసి బతికినవాడు. ఈ పుస్తకం పోతే ఆ ఫ్లెక్సీ షాపులోనే కూలికి చేరాలి.

"ఒక్క చెయ్యన్నా చూపిద్దామండీ మేడం," అన్నాడు, లోపల భయంగానే.

"చూపిస్తే భయమేముంది హుస్సేనూ? అందరికీ ఉండేవేగా."

నమ్మకం కుదిరేలా ఒక మిట్టమధ్యాహ్నం అతన్ని మిరప కళ్లానికి తీసుకెళ్లారు. మనిషి జాడ లేదు. గాలి కూడా ఘాటుకి జడిసి ఆగినట్టుంది. ఆమె రాశి ముందు కూర్చుని, రెండు చేతులూ మోచేతుల దాకా కాయల్లోకి దించి, రెప్ప వేయకుండా అతన్నే చూశారు. "గీయి" అని వినిపించింది. పెదవులు కదిలినట్టు లేదు.

కాసేపటికి రాశికి అవతలి వైపున ఒక కాయ జారింది. తర్వాత నాలుగు. లోపల ఎవరో వేళ్లతో తడుముకుంటున్నట్టు. ఆమె చేతులు అంతదూరం అందవు. హుస్సేన్ బిస్మిల్లా అనుకుంటూ గీశాడు. తిరుగుదారిలో అడిగితే తొండేమో అన్నారు.

జీవితంలో అంత మంచి బొమ్మ వేయలేదతను. ఆమె మాత్రం మూడు రోజులు చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టుకు కూర్చున్నారు.

ఆ మూడు రోజుల్లోనే, రఫ్‌కి వాడుకోమని ఒక పాత కాగితాల కట్ట ఇచ్చారు. వెనకవైపు కథ మొదటి ప్రతి. అందులో దెయ్యమంటే చేతులే. ఒళ్లు లేని రెండు చేతులు పత్తి తీస్తూ సాలు వెంబడి వస్తుంటాయి. ఆ ప్రతికి గుచ్చి పబ్లిషర్ ఉత్తరం: "మీ ఆర్టిస్టు నమూనా బొమ్మల్లో ముఖాలకు ప్రాణముంది. చేతులు వంకాయల్లా ఉన్నాయి. ఇంకొకర్ని చూద్దామా?"

నిజమే. బోర్డు మీద ముఖానికే చోటు చాలదు, ఆ నమూనాలకు ముందు చేతులు గీయాల్సిన పని అతనికెప్పుడూ పడలేదు.

కింద ఆమె జవాబు నకలు: "ఆర్టిస్టును మార్చను. చేతులే తీసేస్తాను."

వారంపాటు తన ఎడమచెయ్యి ముందు పెట్టుకుని సాధన చేశాడు హుస్సేన్. చివరి పేజీలో, రాశి అవతలి వైపున, కాయల్లోంచి పైకొస్తున్న ఒక చెయ్యి వేసి పట్టుకెళ్లాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఆరున్నాయి హుస్సేనూ."

అతను వేళ్లు లెక్కపెట్టి, గబగబా రబ్బరు తీశాడు.

"ఉంచు. ఆ రోజు అవతల కదిలిందెవరో, దానికెన్ని వేళ్లో మనం చూశామా ఏంటి?"

పబ్లిషర్ రెండో పుస్తకానికీ హుస్సేనే కావాలన్నాడు. ఒంగోలు సభలో ఒక విమర్శకుడు ఆ ఆరో వేలు కౌలురైతు తిరుగుబాటుకు ప్రతీక అని అరగంట వివరించాడు. వేదిక మీద వెంకాయమ్మ గారు గంభీరంగా తలూపారు. పక్క కుర్చీలో ఇమాం హుస్సేన్ రెండు చేతులూ మెల్లగా వీపు వెనక్కి దాచుకున్నాడు.